ఒకే గీత మీద రెండు మందులు

"నోరు తెరువు, బాపూ. ఒక్క చెంచా."

లింగమూర్తి నోరు తెరవలేదు. తెరవనంటున్నాడో, తెరవలేకపోతున్నాడో మమతకు అంతుపట్టలేదు. మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన మనిషి కూర్చోబెట్టినట్టే ఉన్నాడు. రెండు రెప్పలూ సగానికి జారి ఉన్నాయి. కింది పెదవి మీదుగా చొల్లు కారి బనియను తడుస్తోంది.

మమత పట్టుకున్న చెంచాలో, గ్లాసు అడుగుతో నలిపి నీళ్లలో కలిపిన గోలీ ఉంది. నిన్న సాయంత్రం హైదరాబాదు రైలు దిగి ఇంటికొచ్చి, అన్నం వండుదామని బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే దొరికిన గోలీల్లో ఒకటి. కండల బలహీనతకు పూటపూటా మింగాల్సిన గోలీలవి. "ఏసుకుంటున్న బిడ్డా, ఫికర్ జెయ్యకు" అని రోజూ ఫోన్లో చెప్పిన తండ్రి ఆరు రోజులుగా ఒక్కటంటే ఒక్కటి మింగలేదు. ఇంట్లో అందరికీ తెలిసే మింగలేదు.

"అక్కా, ఆగు." తమ్ముడు వేణుమాధవ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. రాత్రంతా వాదించిన గొంతు బొంగురుపోయింది. "ఇయ్యాల సోమారం. బేస్తారం కొత్తగూడెంల మెడికల్ బోర్డు. మూడొద్దులు ఓపిక వట్టలేవా?"

"నేను పడ్తరా. బాపు పడ్తడా?"

"నిన్న నాతోని మంచిగనే మాట్లాడిండు."

"నిన్న మాట్లాడిండు. ఇయ్యాల చాయ్ గుడ మింగుతలేడు. అన్నం మింగే కండ, ఊపిరి తీసే కండ ఒక్క జాతియే వేణూ. మెడ కాడ మొదలైంది, ఛాతి కాడికి రావడానికి ఎంతసేపు?"

"గోలీ ఏసుకొని బోర్డు ముంగట నిలవడితే ఏమైతది? కండ్లు సక్కగ తెరుస్తడు, చెయ్యి గట్టిగ పడ్తడు. బాయిల దిగకు, పైన డ్యూటీ చేసుకో, ఫిట్టు అని రాసి పంపుతరు. ముప్పై ఒక్క ఏండ్లు బాయిల దిగిండక్కా. ఒక్క కాయితం మీద అన్‌ఫిట్ అని రాస్తే బాపు కొలువు నాకొస్తది. నీకేం, నీ చదువు నీకున్నది."

బొగ్గు బాయి పక్కన పుట్టినవాడికి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. తండ్రి ఏడాది పొడుగునా రాయిలా ఉండాలి, బోర్డు ముందు నిలబడే ఆ ఒక్క పూట మాత్రం ఊగిపోవాలి. బోర్డుకు వెళ్లబోయే మనిషిని ఈ వాడలో ఎవరూ "ఎట్లున్నవన్నా" అని అడగరు. పొరపాటున "మంచిగున్న" అనేస్తే అదే ఖాయమవుతుందేమోనని భయం. వేణుమాధవ్ చెడ్డవాడేం కాదు పాపం. కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి మూడు నెలలకోసారి గేటు పాసు కోసం బతిమాలుకుని బతిమాలుకుని వాడికి ముప్పై వచ్చింది.

"అవ్వా, నువ్వన్న చెప్పు," అని మమత వంటగది వైపు తిరిగింది.

తల్లి సారవ్వ పొయ్యి దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నిన్నటి నుంచి ఆమె నోట పట్టుమని పది మాటలు రాలేదు. మామూలుగా ఈ ఇంట్లో ఆమె గొంతు ముందు రేడియో కూడా వినపడదు.

"చెప్పది. ఎవ్వలు చెప్పరు," అంది మమత. "సరే. నేనే ఏస్త. అడ్డమొస్తే సంపుత నిన్ను." చెంచా ఎడమ చేతికి మార్చి, కుడి బొటనవేలితో తండ్రి రెప్పను పైకెత్తింది. తన ముఖమైనా చూస్తే నోరు తెరుస్తాడని.

ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది.

నల్లగుడ్డు నడుమ పాప ఆవగింజంత ఉంది. గదిలో అంత వెలుతురేమీ లేదు. మమత లేచి కిటికీ రెక్కలు మూసి, మళ్లీ వచ్చి చూసింది. చీకట్లో పెద్దది కావాల్సిన పాప పెద్దది కాలేదు. అప్పుడు కనపడ్డాయి మిగతావన్నీ. ఫ్యాను కూడా వెయ్యనక్కర్లేని కార్తీకపు చలి పొద్దు, తండ్రి మెడ కింద మాత్రం చెమట కాలువలు కడుతోంది. దండచేతి మీద చర్మం దానంతటదే అదురుతోంది.

గోలీ తక్కువైతే కండలు సడలిపోతాయి. అంతవరకే. ఈ చెమట, ఈ చొల్లు, ఈ ఆవగింజంత పాప తక్కువైనందుకు వచ్చేవి కావు. ఎక్కువైనందుకు వచ్చేవి. ఈ గుర్తులు మమతకు డాక్టరు చెప్పలేదు. మూడేళ్లుగా తాను రాస్తున్న పరిశోధన గ్రంథం మొదటి పేజీలోనే ఉన్నాయి, పురుగుల మందు ఒంట్లోకి పోయినవాడి లక్షణాలని.

చెంచాను చటుక్కున వెనక్కి తీసింది. సగం దుప్పటి మీద ఒలికింది.

"ఏమైంది? ఎయ్యి మరి! ఎయ్యాలె ఎయ్యాలె అని పొద్దటిసంది మమ్ముల సంపుకతింటివి," అన్నాడు వేణుమాధవ్.

"ఎయ్యద్దు." మమత చెంచాను కింద పెట్టేసింది. "ఇది ఏస్తే బాపు దక్కడు. ఇప్పటికే ఒంట్ల ఎక్కువున్నది."

"గోలీలన్ని డబ్బాలనే ఉండె గదనే! ఎక్కడికెల్లి ఎక్కువైతది?"

"అదే నేను అడుగుతున్న. బాపూ, ఏం తాగినవు? మామ పత్తి చేన్లకు పోయినవా? మందు కొట్టినవా?"

లింగమూర్తి రెప్పలు కదిలాయి. జవాబు మాత్రం వరండాలోంచి వచ్చింది. కమాన్‌పూర్ నుంచి తెల్లవారగానే మోటారు సైకిలేసుకుని బావను చూడవచ్చిన సారవ్వ తమ్ముడు మొగిలి, చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టాడు.

"చేన్లకు రాలేదు కోడలా. మొన్న మంగళారం పత్తి మందు గావాలె అని అడిగిండు బావ. నల్లులు వడ్డయి, మంచం కోళ్లల్ల పోస్తనన్నడు. ఒకటి పనిచెయ్యకపోతే ఇంకొకటని రెండు రకాలు చిన్న సీసలల్ల పోసిచ్చిన." అక్క ముఖం చూసి, బావ ముఖం చూసి, మొగిలి గొంతు తగ్గింది. "నల్లులకే గదా బావా?"

లింగమూర్తి తల అడ్డంగా ఊపబోయాడు. మెడ నిలవక ఒక పక్కకు వాలింది. మమత పట్టుకుంది.

"మజ్జిగల," అన్నాడాయన. ముక్కుతో మాట్లాడినట్టుంది. "పొద్దుగాల... ఒక బొట్టు. నేనే."

"పురుగుల మందా? మజ్జిగల?" అని మొగిలి నెత్తి కొట్టుకున్నాడు. "నీ అక్కర పాడుగాను, గదేం పనే బావా!"

లింగమూర్తి చెయ్యి లేపాడు. ఆ వేలు ఎవరి మీదికీ పోలేదు, గోడకు ఆనించి ఉన్న మమత సంచీ మీదికి పోయింది. సంచీలో ల్యాప్‌టాప్ ఉంది.

"నువ్వే... చూపిస్తివి గద... బిడ్డా."

మమత ఆ సంచీ వైపు తిరిగింది.

దసరాకు వచ్చినప్పటి సంగతి. తండ్రి పక్కన ఇదే మంచం మీద కూర్చుని గర్వంగా తెర చూపించింది. నూటా నలభై మందుల బొమ్మలు. ఏ పరమాణువు పక్కన ఏది ఉంది, తోక ఎంత పొడుగు, విద్యుదావేశం ఎక్కడ పోగైంది అన్నీ అంకెలు చేసి, ఆ మందుల బలం ఎంతో ప్రయోగశాలల్లో కొలిచిన అంకెలు ఇంకో పక్కన పెట్టి, రెండింటికీ లంకె కుదిర్చే సమీకరణం కట్టడం ఆమె పని. కుదిరిందంటే కొత్త మందు బొమ్మ గీస్తే చాలు, దాన్ని ఎవరూ తయారు చెయ్యకముందే అదెంత బలమైనదో కంప్యూటరు చెబుతుంది. పురుగును చంపేదైనా, మనిషిని బతికించేదైనా.

"నరం కండకు హుకుం పంపుతది బాపూ," అని చెప్పింది ఆ రోజు. "ఆ హుకుం తుడిచేటోడు ఒకడుంటడు. నీ కండకు హుకుం సక్కగ అందుతలేదు. తుడిచేటోన్ని పట్టుకుంటే హుకుం ఇంకింతసేపు నిలుస్తది. నీ గోలీ చేసేది గదే."

"మరి నా గోలీ ఇందుల ఏడున్నది?"

గీసి చూపించింది. ఏటవాలు గీత పొడుగునా జొన్నలు చల్లినట్టు గింజలు. వాటిలో ఒక దాని మీద వేలు పెట్టింది. పక్కన ఆనుకునే ఉన్న ఇంకో గింజ ఎవరిదని ఆయన అడిగాడు. మామ పత్తికి కొట్టేదని చెప్పి నవ్వింది.

"రెండు పక్కపక్కనే ఉన్నయి గదా?"

"ఔ బాపూ. రెండు చేసేది ఒక్క పనే."

అంతే అంది. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

ఇప్పుడు ఆ మనిషి ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుని చెబుతున్నాడు. "టీ కొట్టు కాడ... జైపాల్ అన్నడు... బోర్డుల రక్తం గుంజుతరట. గోలీ... పట్టుకుంటరట. గోలీ లేకుంటె నాకు బుక్క దిగది. ఇదయితే... పట్టుకోరు గద." సగం దిగిన రెప్పల కింద చిన్నపిల్లాడి దొంగచూపు. "మొదాలు రెండొద్దులు... మంచిగ మింగిన బిడ్డా. నువ్వు లెక్కవెట్టి చూసినవు. నేను తాగి చూసిన."

రెండు రోజులు పనిచేసిందట. ఆ మాటే మమతను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. పనిచెయ్యకపోతే మూడో రోజు మానేసేవాడు కదా! తన సమీకరణం తప్పు చెప్పలేదు. బలం చెప్పింది, సరిగ్గానే చెప్పింది. గోలీ ఆ తుడిచేవాణ్ని కొన్ని గంటలు పట్టుకుని వదిలేస్తుంది. పత్తి మందుల్లో కొన్ని పట్టాయంటే వదలవు. ఇవాళ్టి బొట్టు మీద రేపటి బొట్టు, దాని మీద ఎల్లుండి బొట్టు పేరుకుపోతుంది. గైడు సుహాసిని మేడమ్ ఆ మాట ముందే అంది. "నీ మోడల్ బలం చెబుతుంది మమతా, ఎంతసేపు పట్టుకుంటుందో చెప్పదు. ఆ సంగతి రాయి" అంది. మమత రాసింది. గ్రంథం చివర, పరిమితులు అన్న శీర్షిక కింద, ఒకే ఒక్క వాక్యం. పరీక్షకుల కోసం రాసిన వాక్యం తండ్రికి చెప్పాలని తోచలేదు.

"వేణూ, 108కు ఫోన్ చెయ్యి. జల్ది. మామా, ఆ సీసలేడున్నయి?"

మొగిలి మంచం కింద వెతికి రెండు సీసాలు బయటికి లాగాడు. ఒకదానికి నీలం మూత, ఒకదానికి పసుపు మూత. ఏ పేరూ లేదు. మొగిలిని అడిగితే దేంట్లో ఏ మందు పోశాడో చెప్పాడు. రెండూ ఆమె పట్టికలో ఉన్నవే. ఒకటి ముప్పై ఆరో వరుస, ఇంకోటి తొంభై ఒకటో వరుస. రెండూ కొంచెం కొంచెం తగ్గి ఉన్నాయి.

"ఏది తాగినవు బాపూ?"

లింగమూర్తి ఏదో అన్నాడు. చొల్లు అడ్డం పడి మాట మునిగిపోయింది. మమత ఆయన్ను పక్కకు వంచి, నోట్లో వేలు పెట్టి తుడిచింది.

ఫోను చేసి వచ్చిన వేణుమాధవ్ ఆమె పక్కన కూలబడ్డాడు. "బండి వస్తున్నదట. అక్కా, దవాఖానల ఏం చెప్తవు?"

"జరిగింది చెప్త."

"గోలీలు ఆపిండు అని చెప్పు. అదీ నిజమే గదా! అబద్ధం చెప్పుమంటలేను."

"అది చెప్తే గోలీ అసుంటి సూదే ఇస్తరు. ఉన్నదాని మీద ఇంకింత. నేను చెంచాతోని చెయ్యబోయింది వాళ్లు సూదితోని చేస్తరు."

"పురుగుల మందు అంటే పోలీసులొస్తరు. మందు తాగిండని రాస్తరు. గట్ల రాసినంక బోర్డు లేదు, ఏం లేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటరు. వాడకట్టు ఏమంటదో తెల్సా నీకు? కొలువు కోసం కొడుకే తాగిపిచ్చిండంటది." వాడు తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. "నన్నంటరక్కా. నిన్ను కాదు, నన్ను."

"ఎవ్వలేమన్న అననీ. మనిషి లేకపోతే ఇగ ఏముంటది?"

మమత మామూలుగానే అంది. అన్నాక గానీ ఆ మాట ఎక్కడికి పోయి తగిలిందో తెలియలేదు. డ్యూటీ రికార్డులో ఉన్న మనిషి పోతే ఏమవుతుందో ఈ వాడలో పలకా బలపం పట్టిన పిల్లలకూ తెలుసు. ఆ పని కొడుక్కే వస్తుంది. బోర్డు అక్కర్లేదు, రక్తం తియ్యడం అక్కర్లేదు. ఆ గదిలో ఆ మాట ఎవరూ అనలేదు. మొగిలి నేల చూశాడు. సారవ్వ పొయ్యి ఆర్పేసింది.

వేణుమాధవ్ అక్క ముఖాన్ని, మామ ముఖాన్ని మార్చి మార్చి చూశాడు.

"నేను గట్ల అనుకుంటున్ననా? చెప్పున్రి. నా మొఖం జూసి చెప్పున్రి! నేను బాపు సావాలని..." మాట పూర్తి కాలేదు. పిచ్చివాడిలా లేచి తండ్రి చెంపలు రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "ఓ బాపూ, నాకొద్దే కొలువు. నువ్వు లే. నువ్వు లెవ్వరాదే."

కాదని ఎవరూ అనకపోవడమే వాడికి పెద్ద దెబ్బైంది. మమతకు తమ్ముణ్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది, కానీ చేతుల నిండా తండ్రి తల ఉంది.

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడ్డదంట," అని మొగిలి గొణిగాడు. "నా చేతులతోని నేనే పోసిస్తిని గదరా దేవుడా!"

లింగమూర్తి వేళ్లు మమత మణికట్టు వెతుక్కున్నాయి. పట్టు లేదు, ఊరికే ఆనించాడు. "చెప్పకు," అన్నాడు. "నా మీద... ఒట్టు."

"నీ ఒట్టు నువ్వే పెట్టుకో బాపూ. నాకద్దు." కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనో దుఃఖంతోనో. "ముప్పై ఏండ్లు ఇంటికి తెల్వకుంట గాయాలు దాస్తివి. ఇగ సాలు."

"బండొచ్చింది," అంది సారవ్వ.

ఎదురింటి మల్లక్క గేటు దాకా వచ్చి "ఏమైందే సారవ్వా?" అంటుంటే సారవ్వ చూడనట్టే దాటిపోయింది. స్ట్రెచరు లోపలికి రావడానికి వరండాలో మలుపు అడ్డమైతే, వేణుమాధవ్ ఆగలేదు. తండ్రిని రెండు చేతుల మీద ఎత్తుకుని బండి దాకా మోశాడు. బండిలో ఆక్సిజను గొట్టం పెట్టిన మనిషి అడిగినవాటికి మమత జవాబు చెబుతూ పోయింది. వయసు యాభై ఏడు. జబ్బు ఇది. గోలీ ఇది. ఇంకేమైనా ఉందా అని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. దవాఖానలో డాక్టరుకే చెబుదామనుకుంది. నిజానికి తమ్ముడి ముఖం చూసి ఆగిందేమో, తనకే తెలియదు.

దవాఖాన ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు చిన్నవాడు, కోస్తా మాట. మంచం చుట్టూ తెర లాగుతూనే అడిగాడు.

"ఏమైందండీ? మందులేమైనా వాడుతున్నారా?"

మమత నోరు తెరిచేలోపే వేణుమాధవ్ అందుకున్నాడు. "నరాల గోలీలు సార్. ఆరొద్దులాయె, బందువెట్టిండు." అని పాత చీటీ చేతికిచ్చాడు.

డాక్టరు చీటీ మీద కళ్లు పరిగెత్తించాడు. "ఈ జబ్బుకి గోలీలు ఆపితే ఎలాగండీ? సిస్టర్, ఇంజక్షన్ సిద్ధం చెయ్యండి. నేను ఒకసారి చూసి చెబుతాను." జేబులోంచి టార్చి తీశాడు.

వేణుమాధవ్ అక్క వైపు చూశాడు. బతిమాలే చూపు. చిన్నప్పుడు పలక పగలగొట్టి, బాపుకు చెప్పకు అని చూసిన చూపే అది.

"ఆ సూది వద్దు సార్," అంది. "పురుగుల మందు లోపలికి పోయింది. అయిదు రోజులుగా, కొంచెం కొంచెం. నోటితోనే. మజ్జిగలో కలిపి."

డాక్టరు వంగి రెప్ప ఎత్తి, టార్చి వేసి చూసి, లేచాడు. అతని గొంతు మారిపోయింది. సిస్టర్‌కు గబగబా వేరే మందులు చెప్పాడు. ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. ఒకరు చేతికి సూది గుచ్చుతుంటే ఇంకొకరు నోట్లో గొట్టం పెట్టి చొల్లు లాగుతున్నారు.

"ఏ మందు? పేరేంటి?"

మమత రెండు సీసాలూ బల్ల మీద పెట్టి, దేంట్లో ఏముందో చెప్పింది.

"రెండింట్లో ఏది తాగారు? మొదటి ఇంజక్షన్ దేనికైనా ఒకటేనమ్మా, ఇచ్చేస్తున్నాం. రెండోది మాత్రం..."

"తెలుసు సార్." మమత అందుకుంది. "ఫాస్ఫరస్ రకమైతే ఇవ్వాలి. దాని పట్టు గట్టిపడకముందే ఇవ్వాలి. రెండో రకమైతే దాంతో పని లేదు, ఒక్కోసారి చెరుపు."

డాక్టరు ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరు ఏం చేస్తుంటారు?"

"ఈ మందుల మీదే పరిశోధన."

అతను సీసాల వైపు తిరిగాడు. ఏమన్నా అన్నా బాగుండేది.

మమత తండ్రి చెవి దగ్గర వంగింది. "బాపూ, నీలం మూతదా, పసుపు మూతదా? వేలు లేపు చాలు. నీలందా?" వేలు లేవలేదు. ఛాతీ మాత్రం ఎగిరెగిరి పడుతోంది. మొగిలి కనపడ్డ దేవుళ్లందరికీ దండాలు పెడుతూ గోడకు అతుక్కుపోయాడు. సీసాల్లో రెండూ తగ్గే ఉన్నాయి కదా, ఒకటి నల్లులకే పోసి ఉండాలి. ఏది?

మోచేతి దగ్గర ఎవరో లాగారు. సారవ్వ. కూతుర్ని తెర పక్కకు లాక్కుపోయి, చెవిలో నోరు పెట్టింది.

"నీలం మూతది."

"నీకెట్ల తెల్సు అవ్వా?"

సారవ్వ తెర వైపు తిరిగి చూసింది.

"అవ్వా, సక్కగ చెప్పు. అందాజ మీద చెప్తే కాదు. సూది తప్పితే..."

"అందాజ కాదే." సారవ్వ ఇంకా దగ్గరికి జరిగింది. "మీ బాపుకు ఒకటి రెండుగ కనవడుతది గదనే. గ్లాసు ఏడున్నదో దొరకవట్టుకోడు. బొట్టు ఎట్ల లెక్కవెడ్తడు?"

మమత తల్లి చేతుల వైపు చూసింది. ఆ చేతులు కొంగును మెలిపెడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ మెలిపెడుతున్నాయి.

"మా బిడ్డ కంపూటర్ల చూసి చెప్పింది, రెండు ఒక్కటేనన్నడు. నువ్వు చెప్పినవంటే నాకు ధైర్యం అయ్యింది బిడ్డా. మొదాలు రెండొద్దులు రెండు రెండు బుక్కలు ఎక్కువ తిన్నడు. ఎంత సంబురవడ్డనో. నిన్న నువ్వొచ్చి గోలీల కోసం లొల్లి పెడ్తుంటే చెప్పాలనుకున్న. నోరు రాలే." ఆమె గొంతు చెవికి కూడా అందనంత సన్నమైంది. "ఇయ్యాల పొద్దుగాల గుడ ఇచ్చిన. నువ్వు లేవకముందు."

మమత చెయ్యి తనకు తెలియకుండానే తల్లి భుజం మీదికి పోయింది. తిట్టడానికో, పట్టుకోవడానికో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. తెర తోసుకుని లోపలికి వెళ్లింది.

"నీలం మూతది సార్. ఫాస్ఫరస్ రకం. ఈ రోజు తెల్లవారుజామున కూడా పోయింది."

"ఖచ్చితంగానా?"

"ఖచ్చితంగా."

రెండో మందు ఎక్కించారు. ఎంతసేపు గడిచిందో మమత చూసుకోలేదు. పైన వేలాడే సీసాలోంచి గొట్టంలోకి పడే మందును చూస్తూ నిలబడింది. మెడ దగ్గర చెమట పూర్తిగా ఆరలేదు కానీ తగ్గింది. నర్సు తండ్రి కంట్లోకి మళ్లీ టార్చి వేసి, డాక్టరుతో ఏదో అంది. అతను తల ఊపాడు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఊపిరి కండరాలు అలిసిపోతే మిషన్ పెట్టాల్సి వస్తుంది. సమయానికి చెప్పారు, అదే నయం." డాక్టరు చేతులు తుడుచుకుని లావుపాటి రిజిస్టరు తెరిచాడు. వేణుమాధవ్ తండ్రి పాదాల దగ్గర నేల మీదే కూర్చుని ఉన్నాడు. ఆ రిజిస్టరు చప్పుడుకు తల ఎత్తాడు.

"పాయిజన్ కేసు కదమ్మా, స్టేషనుకు కబురు పంపాలి. నియమం. నేను అడిగినవాటికి చెప్పండి చాలు." గడులు ఒక్కొక్కటే నింపుతూ పోయాడు. పేరు. వయసు. పని. ఊరు. ఏ రోజు నుంచి. "మజ్జిగలో అన్నారు. ఆయనే కలుపుకున్నారా?"

"ఔ సార్, బాపే," అన్నాడు వేణుమాధవ్ లేచి నిలబడుతూ. వాడికి తెలిసింది అంతే. "మాకెవ్వలకు తెల్వదు. ఇంట్ల ఎవ్వలకు తెల్వదు."

డాక్టరు పెన్ను కాగితం మీద ఆనింది, కానీ రాయలేదు. మంచం మీది మనిషి చేతుల వైపు చూశాడు, పాత చీటీ ఇంకోసారి తిరగేశాడు. తర్వాత మమత వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. పొద్దున తాగారని, నీలం మూతదేనని మీకు ఖచ్చితంగా తెలుసు. ఇందాక ఇక్కడ నిలబడ్డప్పుడు తెలియదు. ఈ లోపల ఎవరు చెప్పారు?"

బాపే అని అనొచ్చు. అప్పుడు మందు తాగి చావబోయిన మనిషని రాస్తారు, తండ్రి ముప్పై ఒక్క ఏళ్ల బాయి బతుకు ఆ ఒక్క ముక్కలో మునుగుతుంది, తమ్ముడి ఆశా మునుగుతుంది. ఇంకో మాటా అనొచ్చు. ఆ మాట నాలుక దాకా కూడా రావడం లేదు. పొద్దున్నుంచి ఇల్లంతా పీకి పందిరేసింది తానే, ఇప్పుడు నోరు పెగలనిదీ తనకే.

"నేనే చెప్పాను సార్," అంది మమత. "రెండూ ఒకటేనని మా నాన్నకు నేనే చెప్పాను. దసరాకు వచ్చినప్పుడు. కంప్యూటర్లో చూపించి."

"అది తర్వాత రాసుకుంటాను. నేను అడిగింది అది కాదు." డాక్టరు గొంతు కఠినంగా లేదు. అలసిపోయి ఉంది. "గ్లాసు ఆయన చేతికి ఎవరిచ్చారు?"

తల్లి వైపు చూడకూడదనుకుంది మమత. రిజిస్టరు వైపు చూసింది, గొట్టం వైపు చూసింది, తండ్రి మూసిన రెప్పల వైపు చూసింది. ఆపుకోలేక ఒక్కసారి తల్లి నిలబడ్డ తెర వైపు చూసింది.

డాక్టరు కూడా అటే చూశాడు.